ఒక్క ఎత్తు మంత్రిత్వం

నేను ఒక ఏనుగును. తొండం లేదు, దంతాలు లేవు, చెవులు అసలే లేవు. చూడ్డానికి పాతకాలపు కోట బురుజులా ఉంటాను. అయినా చదరంగం ఆడేవాళ్లు నన్ను ఏనుగనే అంటారు, నేనూ అలవాటు పడిపోయాను. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మీ సామెత. నా ధర మాత్రం ఐదే. బంటుకు ఒకటి, గుర్రానికి మూడు, ఏనుగుకు ఐదు, మంత్రికి తొమ్మిది అని బళ్లో పిల్లలకు నేర్పుతారు. నాకూ మంత్రికీ మధ్య ఉన్న ఆ తేడా గురించి నాకెప్పుడూ కాస్త కడుపుమంటే. నేను నిలువుగా, అడ్డంగా నడుస్తాను. మంత్రి అలాగూ నడుస్తాడు, ఐమూలగానూ పోతాడు. వంకరగా పోగలిగినవాడికి హోదా ఎక్కువ కావడం మీ లోకంలోనూ ఉన్నదే కాబట్టి విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను పుట్టింది ఏటికొప్పాకలో, అప్పలాచారి అనే బొమ్మల పనివాడి చేతిలో. అంకుడు కర్రను మరకు బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి, నాకు నడుమూ మెడా తీశాడు. పసుపు లక్క అదిమి, మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టాడు. తెల్ల సేన బదులు మా ఇంట పసుపు సేన, అవతల నల్ల సేన. తిరిగే మర మీద గుండ్రటివన్నీ పుడతాయి గాని గుర్రం పుట్టదు. దాన్ని చేత్తోనే చెక్కాలి. అప్పలాచారికి అంత ఓపిక లేదు. అందుకే మా గుర్రాలు మేకల్లా ఉంటాయి. ఇప్పటికీ కొత్తగా ఆట నేర్చుకునే పిల్లలు వాటిని మేకలనే పిలుస్తారు. వాటి ఎదుట మేం నవ్వం, పాపం.

మమ్మల్ని ఒక ఇంజనీరుగారు ఎగ్జిబిషన్‌లో కొని అద్దాల బీరువాలో పెట్టారు. పెట్టెలో ఒక్కో పావుకు ఒక్కో గూడు, నీలం ముఖమల్ పరుపు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మమ్మల్ని చూపించేవారు. ఆ ఇంట్లో ఎవరికీ చదరంగం రాదు. యుద్ధం చెయ్యని సేన ఎంత అందంగా ఉంటుందో ఆ ఏళ్లలో తెలుసుకున్నాను. ఆయనకు బదిలీ అయినప్పుడు సామాను తగ్గించుకోవాలని, పక్క వాటాలో ఉండే హైమావతి గారికి పెట్టె ఇచ్చేశారు. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. మర్నాడే నన్ను చెమట పట్టిన చేతులు పట్టుకున్నాయి. అప్పుడు గాని నేను బతికినట్టు కాలేదు.

హైమావతి మేడం చుట్టుపక్కల హైస్కూళ్ల మధ్య చదరంగం లీగు పెట్టారు. చెప్పినంత సులువుగా జరగలేదది. కూర్చుని ఆడేది ఆట ఎలా అవుతుందని ఒక హెడ్మాస్టరు అడిగారు. చదువు పాడవుతుందని ఇంకొకరన్నారు. ఆవిడ స్కూటీ మీద బడి బడికీ తిరిగి, కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఒప్పించారు. నెలకు రెండు శనివారాలు, బడికి నలుగురు ఆటగాళ్లు. రెండు బెంచీలు దగ్గరకు జరిపితే ఒక బల్ల. కొన్ని బళ్లలో పటం అంటే పాత క్యాలెండరు వెనక స్కేలుతో గీసిన గళ్లే. గడియారం లీగు మొత్తానికి ఒక్కటే, అది మొదటి బల్లకు. మొదటి బల్ల మీద మేమే ఉండేవాళ్లం. నాకు గర్వం ఊరికే రాలేదు.

తీర్పు చెప్పేవాళ్లు దొరక్క ఆ పనీ మేడమే చూసేవారు. పక్క ఊరి ప్రైవేటు బడి డ్రిల్లు మాస్టారు జోగినాయుడు గారికి ఇది మొదట్నుంచీ మింగుడు పడలేదు. మీ పిల్లలు ఆడేటప్పుడు కూడా మీరే తీర్పరా అని అడిగారు. అవునండీ, నా తీర్పులో వంకర కనపడిన రోజు మీ పిల్లల్ని తీసుకుని వెళ్లిపోండి అన్నారు మేడం. మిగతా బళ్లవాళ్లు వింటుండగానే అన్నారు. ఆ ఒక్క మాట మీదే లీగు నడిచింది.

మేడం బళ్లో అందరికన్నా బాగా ఆడేది నూకరత్నం. అప్పటికి ఎనిమిదో తరగతి. నల్లగా, సన్నగా ఉండేది, గోళ్లు కొరుక్కునేది. మాకు మనుషుల మొహాల కన్నా చేతులే బాగా తెలుస్తాయి. రత్నం నన్ను పట్టుకుంటే వదిలే ముందు ఒకసారి గట్టిగా నొక్కేది, వెళ్లిరా అన్నట్టు. లీగు గెలిచిన బడి జిల్లా పోటీలకు విశాఖపట్నం వెళ్తుంది. అక్కడ ప్రతి బల్ల మీదా గడియారం ఉంటుందట, తలకాయ ఎత్తకుండా ఆడేవాళ్లుంటారట. వాళ్లతో ఒక్కసారి ఆడాలన్నది ఆ పిల్ల కోరిక. పదో తరగతిలో ఆటలుండవు, స్పెషల్ క్లాసులే. అంటే ఆమెకు మిగిలింది ఈ ఏడూ, వచ్చే ఏడూ.

ఆఖరి పోటీ మా బళ్లోనే, జోగినాయుడు గారి బడితో. మిగతా మూడు బల్లల మీదా ఆటలు ముగిశాయి. మొదటి బల్ల మీద రత్నం గెలిస్తేనే లీగు మాది, గెలవకపోతే వాళ్లది. ఎదురుగా భార్గవ్ అనే కుర్రాడు. చంపిన పావును గుప్పెట్లో పెట్టుకుని దొర్లిస్తూ ఉండడం వాడి అలవాటు. మా మంత్రి చచ్చి వాడి గుప్పెట్లో ఉన్నాడు. నేనూ అంతకుముందే చచ్చి బల్ల అంచున పడి ఉన్నాను. రత్నం బంటు మాత్రం ఒక్కో గడీ పాక్కుంటూ ఆఖరి గడికి చేరింది. అక్కడికి చేరిన బంటు మంత్రి అయిపోవచ్చు. ఇంత దయగల నియమం మీ ఆఫీసుల్లో కూడా లేదు.

రత్నానికి గడియారంలో ఎంతో సమయం లేదు. మంత్రి కోసం చూసింది, కనపడలేదు. చటుక్కున నన్ను తీసి, తలకిందులు చేసి ఆ గడిలో నిలబెట్టింది.

మా బళ్లో అదే పద్ధతి. మంత్రి చేతికందకపోతే ఏనుగును తిరగేస్తే మంత్రి. ఎవరు మొదలుపెట్టారో గాని పిల్లలంతా అలాగే ఆడేవారు, మేడం చూస్తూ ఊరుకునేవారు. నా సంగతి అడగకండి. నెత్తి కింద, పాదం పైన, అయినా నా ఒంట్లో ఎంత పొగరు పుట్టిందో! మీలోనూ కొందరు తలకిందులైతే గాని మంత్రులు కాలేరని విన్నాను. భార్గవ్ ఏమీ అనలేదు, తన రాజును పక్కకు జరిపాడు. రత్నం నన్ను పట్టుకుని, గట్టిగా నొక్కి, ఐమూలగా నడిపించింది. జీవితంలో మొదటిసారి నేను వంకరగా నడిచాను. నల్ల రాజుకు కదలడానికి చోటు లేదు. ఆట అయిపోయింది.

భార్గవ్ చెయ్యెత్తాడు. ఏనుగు ఐమూలగా నడవకూడదు కదా అన్నాడు, ఎంతో వినయంగా.

గదిలో గోల మొదలైంది. మంత్రిని గుప్పెట్లో దాచుకున్నది వాడే కదా అని మా పిల్లలు. నియమాల కాగితం చూడండి అని జోగినాయుడు గారు. మేడం చూడక్కర్లేదు, లీగు పెట్టిన కొత్తలో దాన్ని అందరికీ జిరాక్సు తీసి పంచింది ఆవిడే. తిరగేసినా ఏనుగు ఏనుగే. మంత్రి దొరక్కపోతే గడియారం ఆపి తీర్పరిని అడగాలి. మా హెడ్మాస్టరు మేడాన్ని పక్కకు పిలిచి, మన పిల్లే కదా, చూసీ చూడనట్టు పోదాం అన్నారు. కంచే చేను మేసిందంటారండీ అని మేడం మెల్లగా చెప్పి బల్ల దగ్గరికి వచ్చారు.

"మన స్కూల్లో ఇలాగే కదండీ ఆడతాం" అంది రత్నం.

"అవునమ్మా. అది తప్పని చెప్పవలసింది నేను, చెప్పలేదు. తప్పు నాది, నష్టం నీది అవుతోంది. కానీ ఇది ఏనుగే."

మేడం నన్ను తీసి, పాదం కిందికి పెట్టి, పాత గడిలో నిలబెట్టారు. ముట్టుకున్న పావునే కదపాలి కాబట్టి రత్నం నన్ను నిలువుగా నడిపింది. ఆ ఒక్క ఎత్తులో రాజు తప్పించుకున్నాడు, తర్వాత మా చివరి బంటునూ తిన్నాడు. నేనూ, రత్నం చెయ్యీ చాలాసేపు తరిమాం గాని వాడికీ ఒక ఏనుగు మిగిలి ఉంది. ఆట సమానంగా ముగిసింది. జోగినాయుడు గారి బడి విశాఖపట్నం వెళ్లింది. వెళ్లే ముందు ఆయన మేడానికి నమస్కారం పెట్టారు. లీగు నిలబడింది. రత్నం మాత్రం చదరంగం గదికి రావడం మానేసింది.

మేడం ఆమెను పిలిపించలేదు. బతిమాలనూ లేదు. వేసవి సెలవుల్లో నన్ను చేతిసంచిలో వేసుకుని ఏటికొప్పాక వెళ్లారు. అప్పలాచారి ముసలివాడయ్యాడు. నన్ను వేళ్ల మధ్య తిప్పి చూసి, తన ఉలి గీత గుర్తుపట్టాడు. పసుపు లక్క నా నడుం దగ్గర అరిగిపోయి కర్ర కనపడుతోంది. దాన్ని చూసి ఆయన సంతోషించాడు, ఎవరో ఆడుతున్నారన్నమాట అని. మేడం వచ్చిన పని చెప్పారు. ప్రతి బడికీ, ప్రతి బల్లకీ అదనపు మంత్రులు కావాలి, పసుపూ నలుపూ.

"ఏనుగుని సూపించి మంత్రిని సెయ్యమంటారేటండీ?" అన్నాడు అప్పలాచారి.

కొలతకే తెచ్చానన్నారు మేడం. నేను కొలబద్దనయ్యాను. నా పక్కనే మంత్రులు ఒక్కొక్కరే పుడుతుంటే చూస్తూ కూర్చున్నాను. వాళ్లుంటే ఇక నన్ను ఎవరూ తిరగెయ్యరు. నాకు బాధ కలిగింది, దాచుకోవడమెందుకు?

బడి తెరిచాక మేడం రత్నాన్ని వరండాలో ఆపారు. ఆడకపోతే మానెయ్, ఈ మంత్రుల్ని బల్లబల్లకీ పెట్టే పనైనా చెయ్యి అన్నారు. రత్నం సంచి అందుకుంది. ఆ ఏడు ప్రతి పోటీకీ ముందు ఆమె బల్లల మధ్య తిరుగుతూ ప్రతి పటానికీ అటొకటి, ఇటొకటి మంత్రుల్ని నిలబెట్టేది. మా బళ్లో కొత్తగా ఆట నేర్చుకునేవాళ్లకు ఎందుకో చెప్పేది కూడా. మూడో శనివారం మొదటి బల్లకు మా ఆటగాడు రాలేదు. ఖాళీ కుర్చీని కాసేపు చూసి తనే కూర్చుంది. చాన్నాళ్ల తర్వాత ఆ నొక్కు నా నడుముకు తగిలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ఏడాది లీగులోకి మన్యంలోని ఒక ఆశ్రమ పాఠశాల కొత్తగా చేరింది. కొండ దిగి బస్సులో వచ్చేవాళ్లు. వాళ్ల ఆటగాడు కొర్రా బలరాం మాట్లాడేవాడు కాదు, ఓడేవాడూ కాదు. ఆఖరి పోటీ వాళ్లతోనే పడింది. మళ్లీ అంతా మొదటి బల్ల దగ్గరే ఆగింది. ఈసారి రత్నం గెలవక్కర్లేదు, ఆట సమానమైనా లీగు మాదే. ఇదే ఆమె ఆఖరి ఏడు.

రత్నం నల్ల సేన వైపు, పసుపు సేన బలరాంది. నన్ను చంపింది రత్నమే. ఆమె మోచేతి దగ్గర పడి ఉన్నాను. మా మంత్రి కూడా చచ్చి, ఎప్పుడో బల్ల కిందికి దొర్లిపోయాడు. అదనపు మంత్రి ఆమె మంచినీళ్ల సీసా వెనక నిలబడి ఉన్నాడు. ఆట మధ్యలో సీసా అడ్డం వచ్చింది, ఎవరూ గమనించలేదు. బలరాం బంటు ఆఖరి గడికి చేరింది. గడియారం కొట్టుకుంటోంది. ఆ కుర్రాడు అటూ ఇటూ చూశాడు. తర్వాత వాడి చెయ్యి నా వైపు వచ్చింది.

ఆ రాకడ నాకు తెలుసు. వేళ్లు అప్పుడే తిరగెయ్యడానికి సిద్ధమై ఉన్నాయి. వాళ్ల బళ్లోనూ అదే పద్ధతన్నమాట. ఇంకో క్షణంలో నేను మళ్లీ మంత్రిని అవుతాను. నిజం చెబుతున్నాను, నేను ఎంత ఆశపడ్డానో మీకు చెప్పలేను. రత్నం ఊరికే కూర్చుంటే చాలు. వాడు నన్ను తిరగేసి పెడతాడు, నేను ఏనుగుగానే మిగులుతాను, ఆట సమానమవుతుంది, ఆమె విశాఖపట్నం వెళ్తుంది. నియమం ఆమె పక్షానే ఉంది. వాడు నన్ను ఐమూలగా కదిపాక చెయ్యెత్తడం తప్ప ఆమె చెయ్యాల్సింది ఏమీ లేదు.

ఆమె అరచెయ్యి వచ్చి నన్ను కప్పేసింది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. కాసేపు అలాగే ఉంచింది. బలరాం చెయ్యి గాల్లో ఆగిపోయింది. అప్పుడు రత్నం రెండో చేత్తో సీసా పక్కకు జరిపి, పసుపు మంత్రిని తీసి వాడి ముందు పెట్టింది.

"ఇది పెట్టు" అంది.

వాడు పెట్టాడు. ఆ తర్వాత ఆట ఎంతోసేపు సాగలేదు. రత్నం తన రాజును పడుకోబెట్టి, చెయ్యి కలిపింది. కొండ పిల్లలు కేకలు వేస్తూ బలరాంను ఎత్తుకున్నారు. తనకు ఏం ఇచ్చారో వాడికి ఆ రోజు తెలిసి ఉండదు.

గది ఖాళీ అయ్యాక రత్నం మమ్మల్ని ఒక్కొక్కరినీ గూళ్లలో సర్దుతోంది. మేడం వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. సీసా వైపు చూశారు, నా వైపు చూశారు. ఆవిడకంతా అర్థమైంది.

"నువ్వు ఊరుకుని ఉంటే సరిపోయేది. తెలుసా?" అన్నారు.

"తెలుసు మేడం. వాడికి తెలీదు కదండీ."

మేడం కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. రత్నం చేతిలో చివరికి నేనే మిగిలాను. ఒకసారి సరదాగా నన్ను తలకిందులు చేసి చూసింది, మళ్లీ తిప్పింది. నడుం దగ్గర గట్టిగా నొక్కి, మూల గూట్లో, పాదం కిందికి వచ్చేలా పెట్టి మూత వేసింది.