మూడుసార్లు విప్పిన కుట్టు

సంచి అడుగున ముందుగా మెత్తటి చెప్పులు పెట్టింది. వాటి మీద రెండు వదులు గౌన్లు, తువ్వాలు, లోబట్టలు. పక్కన నీళ్ల సీసాకు చోటు వదిలింది. అన్నిటికన్నా పైన, తీయగానే చేతికందేలా, పనికిరాని గుడ్డముక్కలతో తానే కుట్టిన చిన్న దిండ్లు రెండు. బస్సులో నడుము వెనక పెట్టుకోవడానికి ఒకటి, ఎడమపక్కకి తిరిగి పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య పెట్టుకోవడానికి ఒకటి. రెండోది పట్టలేదు. అన్నీ బయటికి తీసి మళ్లీ మొదటినుంచి సర్దింది. ఆమె సర్దే సంచి ఎప్పుడూ ఒక్కసారితో అయ్యేది కాదు.

"పది రోజులకే కదమ్మా. కాపురం ఎత్తేస్తున్నట్టు సర్దుతున్నావు," అంది కూతురు, మంచం మీద గోడకు ఆనుకుని.

"నువ్వు ఊరుకో. కాళ్లు పైకి పెట్టుకో."

"పైకే ఉన్నాయి. ఇంకా పైకి పెడితే తలకిందులవుతా."

వీధిలో అందరూ ఆమెను కుట్లత్త అనేవారు. కొత్త బట్టలు కుట్టేది కాదు. బిగుతైనవి వదులు చేయడం, వదులైనవి బిగించడం, అంతే. మేడమెట్ల కింద, నిలబడితే తల తగిలే చిన్న గదిలో ముప్ఫై ఏళ్లుగా అదే పని. మిషను మీద వంగి వంగి కుడిభుజం కిందికి జారింది. సూదిపోట్లు తిన్న ఎడమ చూపుడువేలి కొన జొన్నగింజలా గట్టిపడింది. ఆ వీధిలో ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు లోపల్లోపల చిక్కిపోతున్నారో ఇంట్లోవాళ్లకన్నా ముందు ఆమెకే తెలిసేది. ఎవరికీ చెప్పేది కాదు. గుండుసూదులు పంటికింద పెట్టుకుని, చూసీ చూడనట్టు కొలతలు తీసుకునేది.

సంచి సర్దడమంటే మాత్రం ఆమెకు భయం. కూతురికి ఏడేళ్లప్పుడు మొగుడికి ఇలాగే సర్దింది. దూరంగా రోడ్డు పనికి వెళ్లిన మనిషి వర్షాలు తగ్గాక వస్తానన్నాడు. ఆయన బదులు ఆ సంచి వచ్చింది, ఎవరో తోటి పనివాడి చేతిమీదుగా. చొక్కాలన్నీ తను మడతపెట్టినట్టే ఉన్నాయి.

కూతురికి ఇప్పుడు ఆరో నెల నడుస్తోంది. అల్లుడు వంతెన కట్టేచోట పనిలో ఉన్నాడు. బస్సులో ఎనిమిది గంటల దారి. వేవిళ్లు మొదలైన రోజుల్లో వెళ్లినవాడు, మళ్లీ పెళ్లాన్ని చూడలేదు. ఇప్పుడు అక్కడ గది దొరికింది, పది రోజులుండి వెళ్లమని పిలిచాడు. కుట్లత్తకు పంపడం ఇష్టం లేదు. ఆస్పత్రి నర్సమ్మే చెప్పింది, మధ్య నెలలు సుఖంగా ఉంటాయని, వాంతులు తగ్గి, బరువు ఇంకా మీదపడని రోజులని, వెళ్లాలంటే ఇప్పుడే వెళ్లి రావాలని. కూతురు ఆ మాట పట్టుకుంది. తల్లి కాదనలేకపోయింది.

"గౌను పట్టట్లేదమ్మా," అంది కూతురు లేచి నిలబడి.

"మొన్ననేగా విప్పాను."

"మొన్న పట్టింది."

ఆకుపచ్చ గౌను. కుట్టేటప్పుడే పక్కకుట్టు లోపల వేలెడు గుడ్డ దాచి ఉంచింది, నెలనెలా కొంచెం వదులుతూ పోవచ్చని. తొమ్మిది రోజుల క్రితం మొదటిసారి విప్పింది. నాలుగు రోజుల క్రితం రెండోసారి. ఇవాళ తిరగేసి చూస్తే ఇంకొక్కసారికి సరిపడా మిగిలింది. అదీ విప్పింది. చేతులు కూడా పట్టేస్తున్నాయంటే చంక దగ్గర కూడా విప్పింది.

"లోపలున్నది మనిషా, గుమ్మడికాయా?" అంది ఆమె, పళ్లతో దారం తెంపుతూ.

"మీ అల్లుడి పోలిక. కూర్చున్నచోటల్లా పెరుగుతాడు."

ఇద్దరూ నవ్వారు. కూతురు నవ్వుతూనే కణతలు నొక్కుకుంది. రెండు రోజులుగా తలనొప్పి. సరిగా నిద్రలేక అని ఇద్దరూ అనుకున్నారు.

తరవాత ఉంగరం. అది వేలిలో దిగబడిపోయి, ఇటూ అటూ చర్మం పొంగి ఉంది. సబ్బు రాసినా రాలేదు. కుట్లత్తకు ఇలాంటివి కొత్త కాదు. నున్నటి ఎర్రదారం కొసను ఉంగరం కిందినుంచి దూర్చి, మిగతా దారాన్ని కణుపు దాకా వేలి చుట్టూ సందులేకుండా బిగించి చుట్టింది. కింది కొస పట్టుకుని మెల్లగా విప్పుతుంటే, చుట్టు చుట్టుకీ ఉంగరం ఒక్క నూలువాసి ముందుకు జరిగింది. నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చింది. వేలి మీద దారం గీతలు తెల్లగా, వరసగా మిగిలాయి. కూతురు ఉంగరాన్ని దారానికి కట్టి మెళ్లో వేసుకుంది.

"నీకు రాని విద్య లేదమ్మా," అంది.

ఆ మాటకు ఆమెకు లోపల గర్వం కలిగింది.

వెళ్లేముందు కూతురికి ఒక పని మిగిలింది. తల్లికి దగ్గరి చూపు పోయి మూడేళ్లయింది. చేత్తో కుట్టే సూదుల్లో దారం ఎక్కించేది కూతురే. పది రోజులకు పది సూదులు ఎక్కించి పెడతానని కూర్చుంది. మొదటి నాలుగు ఎక్కాయి. అయిదోదానికి దారం కొస మూడుసార్లు పక్కకి పోయింది. ఆరోది ఎక్కించి, కళ్లు మూసుకుంది.

"కళ్ల ముందు మిణుకుమిణుకుమంటోంది. మిగతావి వచ్చాక ఎక్కిస్తాలే."

"నీకూ అద్దాలు కావాలి. ఇద్దరం గుడ్డివాళ్లమైతే వీధి మొత్తం బట్టలు జారిపోతాయి."

సూదులు గుచ్చే గుడ్డబంతి మీద ఆరు సూదులు వరసగా నిలబెట్టి, కూతురు మంచం మీద వాలింది, ఎడమపక్కకి తిరిగి.

పదకొండింటికి నర్సమ్మ దుకాణానికి వచ్చింది, తెల్లకోటు నడుము బిగించమని. చిక్కిపోయింది. కుట్లత్త అది చూసింది, అడగలేదు.

"ఇవాళేనా పిల్ల ప్రయాణం?" అంది నర్సమ్మ చేతులు పైకెత్తి నిలబడి. "బస్సు ఆగినప్పుడల్లా దిగి నాలుగడుగులు వేయమను. నీళ్లు తాగమను. దిగాల్సొస్తుందని చాలామంది నీళ్లు మానేస్తారు, అలా చేయొద్దను."

"సీసా పెట్టాను. దిండ్లు పెట్టాను."

"కాళ్లు సాయంత్రానికి కొంచెం వాచినా ఫర్వాలేదు. ఉన్నట్టుండి ఒళ్లు వచ్చిందా? బట్టలూ చెప్పులూ బిగుతవుతున్నాయా?"

కుట్లత్త పంటికింది గుండుసూది తీసి చేతిలోకి తీసుకుంది.

"నా ఇంట్లో బిగుతు మాటెక్కడిది నర్సమ్మా? అన్నీ సరిపోయేలా చేసి పంపుతున్నా."

నర్సమ్మ నవ్వింది. "అదీ నిజమే. నీ కూతురు కాబట్టి బతికిపోయింది." అద్దంలో నడుము చూసుకుంది. "అయినా వెళ్లేముందు ఒకసారి బీపీ చూపించుకోమను. పన్నెండున్నర దాకా చూస్తారు. వరస ఉంటుంది, కాస్త ముందు తీసుకురా."

కుట్లత్త గడియారం చూసింది. బస్సు ఒంటిగంటకు. ఆస్పత్రి వరస ఎలా ఉంటుందో తెలుసు. గౌను చేతులు ఇంకా విప్పినట్టే ఉన్నాయి, వాటిని కుట్టాలి. ఇంట్లోకి వెళ్లి అడిగితే, కూతురు కళ్లు తెరవకుండానే అంది:

"గంటసేపు నిలబడలేనమ్మా. అక్కడికెళ్లాక ఆయన తీసుకెళ్తాడు."

అది సబబుగానే తోచింది. ఉన్న ఆ గంటలో ఆమె మిషను ముందు కూర్చుని గౌను చేతులు కుట్టేసింది. కుట్టు చక్కగా వచ్చింది. విప్పిన చోట పాత సూదిరంధ్రాలు కనబడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది. కూతురు తొడుక్కుంటే ఎక్కడా పట్టలేదు. ముఖం మాత్రం నున్నగా, నిండుగా, కొత్తగా కనిపించింది. కడుపుతో ఉన్న కళ అనుకుంది తల్లి.

బస్టాండు దాకా సంచి తనే మోసింది. కిటికీ పక్క సీటు, నడుము వెనక దిండు, చేతిలో సీసా. దిగి, మళ్లీ ఎక్కి, దిండు ఇంకొంచెం కిందికి జరిపింది.

"అమ్మగారూ, మీరూ వస్తే టిక్కెట్టు కొట్టేస్తా," అన్నాడు కండక్టరు.

"దిగుతున్నా నాయనా."

"దిగగానే ఫోను చేస్తా. అన్నం తిను," అంది కూతురు.

బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది, చెయ్యి ఊపలేదు. వెళ్లేవాళ్లకు చెయ్యి ఊపకూడదని ఆమెకు ఆమే పెట్టుకున్న నియమం.

మధ్యాహ్నమంతా పని చేసింది. ఎవరిదో బడి నిక్కరు అంచు దించింది. నర్సమ్మ కోటుకు రెండు వైపులా మడత వేసింది. మొదటి సూది దారం అయిపోయాక రెండోది తీసుకుంది. నాలుగింటికి బస్సు ఎక్కడ ఉంటుందో లెక్కవేసుకుంది. అయిదింటికి మళ్లీ వేసుకుంది.

ఆరున్నరకు ఫోను మోగింది. కూతురు కాదు, అల్లుడు. అతనూ ఇంకా దారిలోనే ఉన్నాడు, ఏదో లారీ ఎక్కి వెళుతున్నాడు. బస్సులో కూతురికి ఫిట్సు వచ్చాయని, తోటివాళ్లు దారిలోని ఆస్పత్రికి తీసుకెళ్లారని, బీపీ బాగా పెరిగిపోయిందన్నారని చెప్పాడు. అతని గొంతులో ఏడుపు లేదు. ఎవరో అడగమన్న ప్రశ్న అడుగుతున్నట్టు ఉంది.

"డాక్టరు ఫోనులో అడుగుతున్నాడత్తయ్యా. ఒళ్లు వాపు ఎప్పట్నుంచి?"

ఆమె ఎదురుగా మేకుకు, గౌను విప్పినప్పుడు లాగిన ఆకుపచ్చ దారాలు వేలాడుతున్నాయి. మంచి దారం పారేయదు, మళ్లీ దేనికో పనికొస్తుంది. మూడు పోగులు, మూడు రోజులవి. కడుపు పెరిగితే నడుము విప్పాలి. చేతులు ఎందుకు విప్పింది? పరాయివాళ్ల ఒళ్లయితే ఒక్క చూపులో తెలిసేది.

"తొమ్మిది రోజుల్నుంచి," అంది.

"తొమ్మిది రోజులా? మరి నాకెవరూ చెప్పలేదే."

"ఎప్పటికప్పుడు సరిచేశాను నాయనా."

లారీ చప్పుడు మధ్య ఫోను ఆగిపోయింది. ఆమె మిషను మీద గుడ్డ కప్పి, స్టూలు మీదే కూర్చుంది. మళ్లీ మోగినప్పుడు వెంటనే తీయలేదు.

కూతురు ఆ బుధవారం సాయంత్రం ఏడూ పదికి పోయింది, మొగుడు చేరకముందే. లోపలి బిడ్డ అంతకు ముందే పోయింది. ఇద్దరిలో ఎవరూ ఆ ఇంటికి తిరిగి రాలేదు. శుక్రవారం సంచి వచ్చింది. రెండో దిండు తను పెట్టినచోటే ఉంది.

నెల తిరక్కుండానే కుట్లత్త మళ్లీ పనిలో కూర్చుంది. సూదుల్లో దారం ఎక్కించమని బడి నుంచి వచ్చే పిల్లల్ని, బట్టలు తెచ్చేవాళ్లనీ అడిగేది. మొదటి అయిదు సూదులూ పనిలో పడి మిగతావాటిలో కలిసిపోయాయి. ఆరోది మాత్రం గుడ్డబంతి మీద అలాగే ఉంది, మూరెడు నల్లదారంతో, కొసన ముడి వేయకుండా.