పద్నాలుగు దగ్గర గుట్ట

"ఆ బొమ్మల పని ఇడిసిపెట్టి పప్పు చూడరాదే పిల్లా, మాడు వాసనొస్తున్నది!"

అత్త సైదమ్మ కేకకు ఆండాలు వంటింట్లకు ఉరికింది. ఏం మాడలేదు. కోడలి చేతిల పెన్ను కనబడితే చాలు, ఆ అత్తకు మాడు వాసనొస్తది. మూత పెట్టి, చెంగుకు చెయ్యి తుడుచుకొని ఆండాలు మళ్ల కిటికీ పక్కన బల్ల ముందర కూసున్నది. బయట ఎల్బీనగర్ దిక్కు ఇసుక లారీలు పోతున్నయి. నిరుడు వీళ్ల జొన్నచేను ఉన్నకాడ ఇప్పుడు సున్నంతోని పోసిన ప్లాట్ల గీతలున్నయి. దిల్‌సుఖ్‌నగర్ దుమ్మంతా పగటెండల తేలుతుంటే, ఇల్లు నీళ్లల్ల మునిగినట్టు మెత్తగ తోచిందామెకు.

బల్ల మీద మొగడు దశరథ పీహెచ్‌డీ గ్రాఫు. ఆయన కాలేజీల లెక్చరర్. ఒక బరువైన పరమాణు కేంద్రకాన్ని ఇంకోదానికి గుద్దిస్తే రెండూ కలిసి కుతకుతలాడే ఒక్క ముద్దయితయి, అది చల్లారుకుంట గామా కిరణాలు ఇడుస్తది. ఏ శక్తి కిరణాలు ఎన్నొచ్చినయో గైడు తెప్పించిన కాయితాలల్ల ఉన్నది. ఆ లెక్కలకు చుక్కలు పెట్టి, నల్లసిరాతోని గీత గీసేది ఆండాలు. ఆయన గీస్తే అన్నీ మరకలే. ఆమెది కూడ ఎమ్మెస్సీ ఫిజిక్సే. ఆ సంగతి ఇంట్ల ఎవరికీ యాదికి లేదు, ఒక్కోపాలి ఆమెక్కూడ.

శక్తి పెరిగినకొద్ది కిరణాలు తగ్గాలె, గీత కిందికి జారాలె. జారుతున్నది కూడ. కని శక్తి పద్నాలుగు ఎంఈవీ ఉన్నకాడ చుక్కలు చిన్న గుట్ట లెక్క ఉబ్బినయి. పొద్దున చూపిస్తే దశరథ చొక్కా గుండీలు పెట్టుకుంట అన్నడు, "అవి తప్పు చుక్కలే. సాఫ్‌గ గియ్యి, సోమవారం బైండింగుకియ్యాలె. నువ్వు గీసుడు చాలు, ఆలోచించుడు నేను చూసుకుంట."

అబ్బో, ఎంత దయ! ఇదివరకు రెండు గ్రాఫులల్ల ఆ గుట్టను ఆయన మాట మీదనే బ్లేడుతోని గీకేసింది.

ఇయ్యాల గీకబుద్ధి కాలేదు. ఆయన తెచ్చి పడేసిన వేరేటోళ్ల పరిశోధనల జిరాక్సు కాయితాలు తీసి చదివింది. అంత వేడిల కూడ ఆ ముద్దల ప్రోటాన్లన్నీ ఒకదిక్కు, న్యూట్రాన్లన్నీ ఇంకోదిక్కు, మళ్ల ఎదురుబొదురు, కూడబలుక్కున్నట్టు ఊగుతయట. ఆ ఊగుడుకు పుట్టిన వెలుగే ఈ గుట్ట. ఆండాలుకు ఒళ్లు జల్లుమన్నది. కండ్లు మూసుకుంటే మండే ముద్ద లోపల ఊయల కనబడ్డది, దాంట్ల తనే కూసున్నట్టు, కాళ్లు నేలకు అందనట్టు. ఎంతసేపు ఊగిందో ఏమో. పెండ్లయి తొమ్మిదేండ్లు. "ముగ్గులేసిన చెయ్యి కద, గీతలు మంచిగనే గీస్తది" అని వచ్చినోళ్లందరికి అత్త చెప్తది. థీసిస్ మొదటి పేజీల "నా భార్య ఓపికకు కృతజ్ఞతలు" అని రాసుకున్నడు ఈయన. ఓపికనట, ఓపిక! పెన్ను మూత తీసి మొదటి చుక్క మీద ఆనిచ్చింది. గీత నిమ్మళంగ జారి, పద్నాలుగు దగ్గర గుట్టెక్కి, దిగింది.

పొద్దు గూకేటాళ్లకు దశరథ వచ్చి చూసిండు. "ఏందిది? సాఫ్‌గ గియ్యమన్న కద! బ్లేడు తీసుకొని గీకు."

"నేను గీక."

"నీకేమన్న సమజైతున్నదా? థీసిస్ చూసి ఎగ్జామినర్ ఈ గుట్ట ఏందని అడిగితే నేనేం చెప్పాలె?"

ఆండాలు పెన్ను మూత బిగించి బల్ల మీద పెట్టింది.

"నన్ను పిలువుండ్రి. నేను చెప్త."