బెత్తెడు సందు

మంగళవారం పొద్దున్న ఆరూ నలభైకి, జిమ్నాస్టిక్స్ హాల్లో, ఢిల్లేశ్వరి వాల్ట్ బల్ల మీద చేతులు ఊని పైకి లేస్తుంది. తిరిగి కిందికి రాదు.

దాలినాయుడు మ్యాట్ల పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె పాదాలు పడవలసిన చోట పడవు. కాసేపు ఆ చోటునే చూస్తాడు. తర్వాత తలెత్తుతాడు. మూడో వరస కిటికీల ఎత్తున, మోకాళ్లు గుండెలకు హత్తుకుని, ఢిల్లేశ్వరి ఒకటో నంబరులో పెట్టిన ఫ్యానులా మెల్లగా తిరుగుతోంది.

"ఢిల్లేశ్వరీ, దిగు," అంటుంది కోచ్ వసుంధర మేడం.

ఆవిడ పైకి చూడదు. ఎప్పుడూ చూడదు. పిల్లలు ఎగిరినప్పుడు నోటుబుక్కులోకే చూస్తూ, కాళ్లు నేలను తాకిన చప్పుడును బట్టి తప్పొప్పులు చెబుతుంది. ఇంతవరకు ఆ చెవులు తప్పలేదని హాల్లో అందరి నమ్మకం.

"దిగుతూనే ఉన్నాను మేడం. నేలే రావట్లేదు," అంటుంది ఢిల్లేశ్వరి.

మేడం బోర్డు మీద రాస్తుంది. తనూజ, బీము. గంగాభవాని, బార్స్. ఢిల్లేశ్వరి, పైన.

సముద్రం పక్కనున్న ఆ యూనివర్సిటీలో ఆడపిల్లల జిమ్నాస్టిక్స్ జట్టుకు మంచి పేరుంది. పిల్లల్ని చూసుకోవడంలో ఇంకా మంచి పేరుంది. ఎనిమిది కాకముందే క్రీడాకారుల సహాయ విభాగం నుంచి పద్మనాభం గారు చంకలో ఫైలుతో వస్తారు. పైకి చూసి, ఫైలు తిరగేసి, తగిన కాగితం తీస్తారు. దాని నెత్తిన ముందే అచ్చు వేసి ఉంది, 'గాలిలో ఉండిపోయిన విద్యార్థినులకు సదుపాయాలు' అని.

"శాకాహారమా, మాంసాహారమా?"

"ఆదివారం కోడి తింటానండి."

"ఆదివారం దాకా ఉండకూడదమ్మా. శుక్రవారం తొమ్మిదింటికి పోటీలకి పేర్లు పంపెయ్యాలి. రెండు కాళ్లూ నేల మీదున్న వాళ్ల పేర్లే రాయాలి."

"నా పేరు రాయకపోతే?"

"జట్టులో పేరు పోతే సీటు పోతుంది. సీటు పోతే హాస్టల్ గది పోతుంది. ఆ తర్వాత పోయేవి మా విభాగం కిందికి రావు."

కుడి మోకాలికి ఐసు, రోజుకు రెండుసార్లు, అని ఆయన రాసుకుంటారు.

దాలినాయుడు మాట్లాడే మనిషి కాడు. రోజుకు పది మాటలంటే అతనికి ఎక్కువే. అది మంచి గుణమని అందరూ అంటారు. పోయిన కార్తీకం నుంచి ఆ మంచి గుణం అతనికి బాగా పనికొచ్చింది.

అతని పని మ్యాట్లు పరచడం. పరిచాక రెండు మ్యాట్లు కలిసే అతుకు మీద కుడిచేతి నాలుగు వేళ్లు పెట్టి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా లాక్కుంటూ వస్తాడు. వేళ్లు ఎక్కడా లోపలికి దిగకూడదు. దిగితే మ్యాట్లు దగ్గరికి నెట్టి పట్టీ బిగిస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా పొద్దున్నే ఇదే పని. ఒక్క పొద్దు తప్ప.

ఆ ఒక్క పొద్దు టీ వచ్చింది. చల్లారిపోతుందని వేళ్లు పెట్టకుండానే గ్లాసు అందుకున్నాడు. అతుకు దగ్గర బెత్తెడు సందు ఉండిపోయింది. ఢిల్లేశ్వరి కుడికాలు అందులో దిగి మోకాలు మెలిపడింది. అందరూ ఆమెను మోసుకుపోయాక దాలినాయుడు మ్యాట్లను కాలితో నెట్టి సందు మూసేశాడు. వసుంధర మేడం తను విన్న చప్పుడును బట్టి, "కాలు లోపలికి తిప్పింది," అని చెప్పింది. ఫైల్లోనూ అదే రాశారు. పది నెలలుగా ఆ పిల్ల తన కుడికాలికి బయటికి తిరగడం నేర్పుతోంది. ఆ కాలు ఏ తప్పూ చేయలేదని తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే. అతను రోజూ ఆమె పక్కనే మ్యాట్లు దులుపుతున్నాడు.

ఇప్పుడు వంగి చూస్తాడు. ఆమెకు సరిగ్గా కింద సందు ఉంది. బెత్తెడు.

నెట్టి మూస్తాడు. అది అవతలి అతుకు దగ్గర తెరుచుకుంటుంది. అక్కడ మూస్తాడు. అతను లేచి నిలబడేదాకా ఆగి, మళ్లీ పాత చోటికి వచ్చేస్తుంది.

బుధవారం ఢిల్లేశ్వరి ఇంకొంచెం పైకి పోతుంది. సందు జానెడవుతుంది. ఆమె ఎంత పైకి పోయిందో సందు అంతే పెరిగిందని దాలినాయుడు గమనిస్తాడు.

సదుపాయాలు బాగా జరుగుతున్నాయి. మెస్సు నుంచి క్యారేజీ వెదురుగడ చివర కట్టి అందిస్తున్నారు. మూడో వరస కిటికీలు దాటాక ఇడ్లీలు మళ్లీ పిండి అయిపోతున్నాయి గనక వంటావిడ వాటిని రెండింతలు ఉడికించి పంపుతోంది. ఐసు గాలిపటం మీద వెళుతోంది. ఎకనామిక్స్ మాస్టారు గ్యాలరీ మెట్ల మీద నిలబడి పాఠం చెబుతారు. ఆమె తలకిందులుగా తిరిగినప్పుడు బోర్డు మీద గీతలు కూడా తలకిందులుగా గీస్తారు. ఇంటర్నల్ పరీక్షలో ఆమెకు ఇరవైకి పద్దెనిమిది వస్తాయి.

జట్టు పిల్లలు వంతులు వేసుకుని, గంటకు ఇద్దరు చొప్పున, ఆమె కింద చేతులు చాచి నిలబడుతున్నారు. మధ్యాహ్నం వంతు తనూజది. ఇద్దరిదీ ఒకే గది.

"ఏయ్ ఢిల్లీ, అక్కణ్ణుంచి సముద్రం కనబడతందా?"

"కనబడతంది. నువ్వు ఆరేసిన బట్టలూ కనబడతన్నాయి. మూడ్రోజులైంది, తియ్యవే."

"నువ్వు దిగి తియ్యి."

"దిగితే నావి తీసుకుంటాను. నీయి నాకెందుకు?"

ఇద్దరూ నవ్వుకుంటారు. కాస్సేపటికి పైనుంచి గొంతు తగ్గి వినబడుతుంది.

"తనూ, ఈసారి కూడా కాలు లోపలికి తిరిగితే?"

"తిరగదే."

"పోయినసారీ తిరగలేదనే అనుకున్నాను. నాకు తెలీకుండా తిరిగింది. తెలీకుండా తిరిగే కాలిని ఏ ధైర్యంతో కింద పెట్టమంటావు?"

తనూజ చేతులు ఇంకొంచెం చాస్తుంది. దాలినాయుడు, ఎప్పుడో దులిపేసిన మ్యాట్‌ను మళ్లీ దులుపుతాడు.

గురువారం సందు మూరెడు. దాలినాయుడు మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూస్తాడు. లోపల పోయిన కార్తీకం నాటి పొద్దున్న ఉంది. అదే చలిగాలి, అవే కిటికీలు. గట్టు మీద గాజుగ్లాసులో టీ, ఇంకా పొగలు వస్తూ. పక్కన అతని కుడిచెయ్యి, అతుకు వైపు సగం చాపి ఆగిపోయి ఉంది. అతను తన ఒంటికున్న కుడిచేతిని చూసుకుంటాడు. అదీ ఉంది.

దబ్బనం, పురికొస తెచ్చి సందును కుడతాడు. నలభై కుట్లు పడతాయి. కుట్లు ఒక్కటీ తెగదు, సందు మాత్రం ఆగదు. పురికొస సాగి దారమవుతుంది. దారం సాగి వెలుతురవుతుంది. వెలుతురుతో ఏదీ నిలవదని అతనికి తెలుసు.

శుక్రవారం ఎనిమిదిన్నరకు ఢిల్లేశ్వరి వీపు కప్పు రేకులకు ఆనుతోంది. గడలు అందడం లేదు. సందు నిలువెత్తు వెడల్పున నోరు తెరుచుకుని ఉంది. పద్మనాభం గారు పేర్ల కాగితం తొడ మీద పెట్టుకుని కలం మూత తీస్తారు. అయిదు పేర్లు రాసి ఉన్నాయి. ఆరో గీత ఖాళీ.

దాలినాయుడు సందు అంచున బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి లోపలికి పెడతాడు. టీ గ్లాసు బయటికి తీస్తాడు. అందరికీ కనబడేలా మ్యాట్ మీద పెడతాడు.

"ఇది నాది," అంటాడు.

ఎవరికీ అర్థం కాదు. అతనికి పది మాటలు దాటక తప్పదు.

"పోయిన కార్తీకంలో ఈ టీ తాగడానికెల్లి అతుకు సూడనేదు. బెత్తెడు సందుండిపోనాది. పాప కాలు అందులో దిగింది. పాపని మీరందరూ తీసుకెల్లిపోయినాక కాల్తో తోసి మూసీసినాను. పాప కాలు ఏ పక్కకీ తిరగనేదు. తప్పు నాది."

"నేను విన్నాను కదా," అంటుంది వసుంధర మేడం. "కాలు తిరిగిన చప్పుడే అది."

"సందులో దిగినా అదే సప్పుడు మేడం."

మేడం నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుంటుంది.

పైన తిరగడం ఆగిపోతుంది. ఎనిమిదీ నలభై అవుతుంది. ఢిల్లేశ్వరి తల వంచి కిందికి, అతని వైపు చూస్తుంది.

"పది నెలలు, తాతా. పొద్దున్న లేస్తే నా కాలిని తిట్టుకున్నాను. నా కాలే మంచిది కాదని మా అమ్మకి కూడా చెప్పినాను. నువ్వు రోజూ పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఎందుకు చెప్పలేదు?"

"మొదటి రోజు బయమేసింది. రెండో రోజు, నిన్న సెప్పనేదు గదా, ఇయ్యాల ఎలాగ సెప్తాం అనిపించింది. అలాగలాగే పది నెల్లైపోనాది."

ఆమె మోకాళ్ల చుట్టూ పట్టు కొంచెం వదులు చేస్తుంది.

"నాదీ అలాగే అయింది. మంగళవారం దిగలేదు గదా, బుధవారం ఎలా దిగుతాం అనుకున్నాను."

"తిట్టు పాపా."

"దిగినాక తిడతాను. చాలా ఉంది. ముందు సందు ఎంతుందో చూడు."

అతను చూస్తాడు. అతుకు మీద నాలుగు వేళ్లు పెట్టి చివరిదాకా లాక్కుంటూ వస్తాడు. ఎక్కడా గోరు కూడా దిగదు.

"లేదు."

"నీ మాట నాకు చాలదు. చెయ్యి తియ్యకు. అతుకు మీదే బోర్లా పెట్టి ఉంచు. నేను దాని దగ్గరికే వస్తాను."

"మనిషి చెయ్యి ఉన్నచోట దిగడానికి మా దగ్గర కాగితం లేదు," అంటారు పద్మనాభం గారు.

"అయితే రాయండి," అంటుంది వసుంధర మేడం. అని, హాల్లో అందరూ చూస్తుండగా తలెత్తుతుంది. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుంటుంది. పైన ఆవిడకు ఏం కనబడిందో దాలినాయుడికి తెలియదు. అతను తన చేతినే చూసుకుంటున్నాడు.

ఢిల్లేశ్వరి దిగుతుంది. దిగడానికి ఆమెకు పది నెలలు పడుతుంది. ఆమె దాటే కిటికీల్లో మంచు కురిసి, మామిడి పూత రాలి, ఎండలు కాసి, వాన మొదలై వెలుస్తుంది. గోడగడియారంలో అది ఒకటిన్నర నిమిషం.

రెండు మడమలు ఒకేసారి మ్యాట్‌ను తాకుతాయి. ఎడమకాలు అతని బొటనవేలి పక్కన, కుడికాలు చిటికెనవేలి పక్కన. మ్యాట్ దిగి లేస్తుంది. మోకాళ్లు వంగి నిటారవుతాయి. కాలు అటూ ఇటూ జరగదు. చేతులు పైకెత్తి చూపేదాకా ఆట అయినట్టు లెక్క కాదు. మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు గనక ఢిల్లేశ్వరి తల వంచి, తన కుడికాలికే రెండు చేతులూ ఎత్తి చూపుతుంది.

తర్వాత వంగి గ్లాసు తీసుకుంటుంది.

"నీ టీ నేను తాగేస్తున్నాను. ఇది మొదటి తిట్టు."

"ఏడిగా ఉందా?"

"ఉంది. చక్కెరెక్కువ."

ఎనిమిదీ యాభై ఏడుకు ఆరో గీత మీద ఆమె పేరు పడుతుంది. పద్మనాభం గారు కలం మూత పెట్టబోతారు.

"తాతా," అంటుంది తనూజ. ఆమె చేతులు ఇంకా చాచే ఉన్నాయి. "ఇంకో మ్యాట్ కావాలి."

దాలినాయుడు తలెత్తుతాడు. కప్పు రేకులు ఎవరో పక్కకు జరిపినట్టున్నాయి. పైన, గాలిపటాలు ఎగిరే ఎత్తుదాకా, మోకాళ్లు హత్తుకుని ఆడపిల్లలు తిరుగుతున్నారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఈ హాల్లో ఎగిరి, దిగారని అందరూ అనుకున్న పిల్లలు. పాత రకం బట్టలు, కొత్త రిబ్బన్లు. అన్నిటికన్నా కిందనున్న పిల్లకు రెండు జడలు. దాలినాయుడు పనిలో చేరిన ఏడాది చూసిన మొహం అది. ఇప్పుడు ఆ మొహానికి కళ్లజోడు, నెరిసిన జుట్టు వచ్చి, నోటుబుక్కు పట్టుకుని అతని పక్కనే నిలబడి ఉంది.

వసుంధర మేడం నోటుబుక్కు కింద పెడుతుంది. రెండు జడల పిల్ల కిందికి వెళ్లి చేతులు చాస్తుంది.

"దీన్ని నేను పట్టుకుంటాను. మీరు మిగతావాళ్లని చూడండి."

"కాగితాలు చాలవు," అంటారు పద్మనాభం గారు. అని, ఉన్నవాటి వెనకపక్క రాయడం మొదలుపెడతారు.

స్టోరు గదిలో పన్నెండు మ్యాట్లే ఉండాలి. దాలినాయుడు ఎన్ని తీసినా ఇంకా పన్నెండే ఉంటాయి. హాలు నిండుతుంది, పైన పిల్లలు ఇంకా ఉన్నారు. మెట్లు నిండుతాయి. మైదానం దాటి, రోడ్డు దాటి, సరుగుడు తోట నడుమగా మ్యాట్లు పరుచుకుంటూ పోతాడు. ప్రతి అతుకు మీదా నాలుగు వేళ్లు పెడతాడు. వెనకాలే ఢిల్లేశ్వరి పట్టీలు బిగిస్తూ, మాట ప్రకారం తిడుతూ వస్తోంది. ఒక పట్టీకి ఒక తిట్టు. అతను ప్రతి తిట్టుకూ తల ఊపుతాడు. ఇసుక వచ్చేసరికి ఆమె తిట్లు అయిపోతాయి. పట్టీలు ఇంకా ఉన్నాయి. ఆమె ఊరికే బిగిస్తూ వస్తుంది.

తడి ఇసుక దగ్గర చివరి మ్యాట్ పరుస్తాడు. సముద్రం దాని అంచు దాకా వచ్చి, నాలుగు మూలలూ సరిచేసుకుని, ఇంకో మ్యాట్‌లా నీలంగా, పలచగా పడుకుంటుంది. పక్కల నుంచి పట్టీలు చాపుతుంది.

దాలినాయుడు మోకాళ్ల మీద కూర్చుంటాడు. మ్యాట్‌కీ సముద్రానికీ మధ్య నాలుగు వేళ్లు పెట్టి చివరిదాకా లాక్కుంటూ పోతాడు. వేళ్లు దిగవు.

"కట్టు పాపా," అంటాడు.

ఆమె పట్టీ బిగిస్తుంది. అతను సముద్రం మీదికి జరిగి, మొదటి అలకూ రెండో అలకూ మధ్య అతుకు మీద చెయ్యి పెడతాడు.