సందు లేని తలుపు

రోజూ టీ తాగాక దరియావలి కుడిచెయ్యి మిషను మీద పెట్టేవాడు. ఆ చేతికి మూడు వేళ్లు లేవు. లేని ఆ వేళ్లకే వెంట్రుకవాసి తేడా తెలిసేది. అల్లూరులో రొయ్యల చెరువు మోటార్లు మొరాయించినా ఆయన్నే పిలిచేవారు.

కంప్యూటరు లెక్కతో చెక్క కోసే ఆ సీఎన్‌సీ మిషను కూతురు జబీనా సొంతంగా కట్టింది. కోత మాత్రం అర మిల్లీమీటరు తప్పేది. "ఇక్కడ వదులుంది పాపా" అని ఆయన లేని వేలితో స్క్రూ తడిమేవాడు. ఆమె నట్టు విప్పి, పాలడబ్బా రేకు ముక్క దూర్చి బిగించి, మళ్లీ కోసి కొలిచేది. అలా రెండు నెలలు. కసి లేకపోతే అంత ఓపిక ఎవరికుంటుంది!

ఆ కసి వెంకటాచలం నరేంద్రబాబు మీద. దరియావలి పనిచేసిన తన కోతమిల్లులో, చేతులు తగలకుండా రంపానికుండే అడ్డురేకును పని తొందరకని తీయించింది ఆయనే. వేళ్లు తెగాక, దరియావలి తాగొచ్చి చెయ్యి పెట్టాడని ఊరంతా చాటించాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి, ఆ నిందకు తల ఎత్తలేక మసీదుకే వెళ్లడం మానేశాడు.

అలాంటి నరేంద్రబాబు కొత్త షోరూములో తన ఆఫీసు గదికి తలుపు కావాలని వచ్చాడు. ఈ బొమ్మ మిషనుతో కుదురుతుందా అని నవ్వి, వెంట్రుక పట్టే సందు కూడా ఉండకూడదన్నాడు. వానకి చెక్క ఉబ్బుతుందని ఇక్కడి వడ్రంగులు రూపాయిబిళ్ల మందం సందు వదులుతారు. జబీనా ఆ మాట కావాలనే మింగేసింది. అడిగింది అడిగినట్టే కోసింది.

ప్రారంభం రోజు ముసురు పట్టింది. చుట్టాలకూ మిల్లు కూలీలకూ పనితనం చూపిద్దామని నరేంద్రబాబు లోపలికెళ్లి తలుపు మూశాడు. అది మళ్లీ తెరుచుకోలేదు. ఉలి పెట్టడానికి సందే దొరకలేదు. కిటికీ లేని ఏసీ గది. లేని సందులో దూరేవి లేని వేళ్లేనని దరియావలికి కబురు పెట్టారు.

ఆయన చెయ్యి ఆనించగానే వేళ్లు మొదలుదాకా దిగాయి. లాగబోతుంటే, వెంట వచ్చిన జబీనా ఆయన మణికట్టు పట్టుకుంది.

"మా నాయన ఆరోజు తాగినాడా?" అని తలుపునడిగింది.

"ముందు తలుపు తియ్యమ్మా."

"ముందు జవాబు."

లోపల్నుంచి సన్నగా గొంతు వచ్చింది. "తాగలా. అడ్డురేకు నేనే తీయించినా. తప్పు నాదే."

"వెనకున్నోళ్లకి వినపడలా."

నరేంద్రబాబు మూడోసారి అరిచి చెప్పాక ఆమె తండ్రి చెయ్యి వదిలింది. దరియావలి తలుపు లాగి, ఎవరి వైపూ చూడకుండా నమాజుకు వెళ్లిపోయాడు. జబీనా మాత్రం కుర్చీ లాక్కుని గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. బయటికొచ్చే ఆ ముఖం ఆమెకు చూడాలనుంది.