రెండూ కుడి కళ్లే

డిపోలో డ్రైవర్లందరికీ కంటి పరీక్ష అన్నప్పుడు స్కూలు బస్సు డ్రైవరు కంగారుపడలేదు. గోడ మీది అక్షరాల అట్ట అతనికి ఆరేళ్లుగా కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని అప్పజెబుతాడు. మూడు నెలలుగా ఎడమ కంటి మటుకు బస్సు నడుపుతున్నదీ దాదాపు అలాగే. ఆ కంటికి లోకం మసిపట్టిన లాంతరు చిమ్నీలోంచి చూసినట్టుంది. మొన్న బస్సు గేటుకు రాసుకున్నది అందుకే. ఆ సంగతి ఇంట్లో కూడా నోరు జారలేదు. జారితే స్టీరింగు చేజారుతుంది.

సాయంత్రం ట్రిప్పు అయ్యాక తీరా గదిలోకి వెళితే అట్ట లేదు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. జుట్టు ఆరబెట్టుకునే మిషనంత కెమెరా చేత్తో పట్టుకుని, కంటాసుపత్రిలో పనిచేసే వాళ్ల వదిన నిలబడి ఉంది.

అన్నదమ్ముల ఇంటికి అడ్డగోడ లేచినప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా, వదినా మరుదులకు మాటల్లేవు. ఏం చెప్పాలన్నా మూడో మనిషితో చెప్పడమే. ఇక్కడ మూడో మనిషి లేడు. ఖాళీ కుర్చీ ఒకటుంది.

"షుగరున్నవాళ్లకి కంటి వెనక పొర ఫొటో తీస్తామని చెప్పు," అంది వదిన కుర్చీతో. "ముందు కుడి కన్ను. రెప్ప వాల్చొద్దను."

ఫ్లాష్ వెలిగింది.

"ఇప్పుడు ఎడమది."

"కుడిదే ఇంకోసారి తీసి ఎడమదని రాసెయ్యమను," అన్నాడతను అదే కుర్చీతో. "ఎవడికి తెలుస్తుంది? నా బస్సు పోతే పెళ్లాం పిల్లలతో గోడ దూకి ఆవిడ వంటింట్లోనే కూర్చుంటానని కూడా చెప్పు."

వదిన కాసేపు కెమెరా అద్దం తుడిచింది.

"అలాగే తీస్తానని చెప్పు. తర్వాత నన్ననొద్దను."

రెండేళ్లలో ఆవిడ తన మాట వినడం అదే మొదలు. అతనికి అనుమానం రావలసింది. ఈల వచ్చింది.

మర్నాడు పొద్దున తాళాల బల్ల దగ్గర మేనేజరు ఆపాడు. చుట్టూ తోటి డ్రైవర్లు.

"నీ ఫొటోలు చూసి డాక్టరు ఫోన్ చేశాడు. నీకు రెండూ కుడి కళ్లేనట."

ఎవరో కిసుక్కుమన్నారు.

"కంటి వెనక నరం మొదలయ్యే చోట తెల్ల మచ్చ ఉంటుందట, ఎప్పుడూ ముక్కు వైపే. ఎదురుగా నిలబడి తీస్తారు గనక ఫొటోలో కుడి కంటికి కుడి పక్కన, ఎడమ కంటికి ఎడమ పక్కన పడాలట. నీకు రెండు ఫొటోల్లోనూ కుడి పక్కనే ఉంది. ముక్కెక్కడ పెట్టుకున్నావయ్యా? వెళ్లి ఎడమది తీయించుకో. అందాకా తాళాలు ఇక్కడే."

అతను కెమెరా గది తలుపు విసురుగా తోసుకుని లోపలికొచ్చాడు.

"దొరికిపోతానని తెలిసే తీసిందేమో అడుగు."

"రోజుకి అరవై కళ్లు తీసేదానికి ఆమాత్రం తెలియదా అని చెప్పు. ఎడమ కన్ను తెరవమను."

తెర మీద నారింజ రంగు గుండ్రం వచ్చింది. సగం మేర నెత్తుటి మరకలు. అతను మంచి కంటితో దాన్ని చూశాడు. వదిన కెమెరా కింద పెట్టి, రెండేళ్లకి మొదటిసారి సూటిగా అతన్ని చూసింది.

"నువ్వు బస్సుని గేటుకు రాసినప్పుడు ఆ పక్క సీట్లో మా చిన్నది కూర్చుని ఉంది."

అతను కుర్చీ వైపు తిరిగాడు.

"కంటాసుపత్రి ఎంత దూరమో అడుగు."

"బస్సు లేనివాళ్లకి నడిచే దూరమేనని చెప్పు," అంది వదిన, చీటీ రాసి కుర్చీలో పెడుతూ.