వ్యవసాయం అంటే వ్యాపారమట

జోన్ ఆఫీసులో చంద్రాకర్ బాబు ఫైలు ఇటు తిప్పి పెట్టి, ఒక్క మాట కింద వేలు ఆనించి చూపించేసరికి ఉమారాణికి ఒళ్లు మండింది. బోరు వేయించుకోవడానికి నగర నిగమ్, అంటే ఈ హిందీ ఊరి కార్పొరేషన్, ఇచ్చే గ్రాంటు కోసం వాళ్ల తెలుగు సంఘం పెట్టుకున్న దరఖాస్తు అది. సంస్థ చేసే పని ఏమిటన్న చోట గుండ్రటి హిందీ అక్షరాల్లో 'వ్యవసాయ్' అని రాసి ఉంది.

"మేడమ్, వ్యవసాయ్ అంటే ధంధా, వ్యాపారం. వ్యాపారం చేసే సంస్థకి అనుదానం ఇవ్వకూడదనేది మొట్టమొదటి నియమం. ధంధా చేస్తున్నామని మీరే రాసిచ్చి, సాయం కూడా మీరే అడిగితే ఎలా?" అన్నాడాయన హిందీలో. పోనీ వెటకారంగా అన్నాడా అంటే అదీ లేదు. బడిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఆమెకి ఇంకా మండింది.

సంఘానికి జాయింట్ సెక్రటరీ అయిన ఆమె చిత్తుప్రతిలో రాసింది 'సాగ్-భాజీ ఉగానా' అని. కూరగాయలు పండించడం. ఎవడికైనా అర్థమవుతుంది. కానీ సెక్రటరీ సూర్యారావు ఊరుకుంటేనా? రైల్వే లెక్కల ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకొచ్చి, బజారులో వేలితో చూపించి బతికేసిన ఆ పెద్దమనిషి, చిన్నప్పుడు బొబ్బిలిలో ఏదో హిందీ పరీక్ష పాసయ్యాడు. ఆ అతిశయం ఇంకా దిగలేదు. సర్కారు కాగితం మీద సాగ్-భాజీ ఏమిటి, సంతలో కేకలాగా అని, వ్యవసాయం సంస్కృతపు మాటే కాబట్టి రెండు భాషల్లోనూ ఒకటేనని తేల్చేసి, సొంత దస్తూరీతో శుద్ధప్రతి రాసి, ఎవరికీ చూపించకుండా పట్టుకెళ్లి ఇచ్చేశాడు.

"శుక్రవారం ఫైలు పైకి పోతుంది. ఆ లోపల సెక్రటరీగారు స్వయంగా వచ్చి, పొరపాటున రాశానని సంతకం పెడితే చూద్దాం" అన్నాడు చంద్రాకర్.

దేవేంద్ర నగర్ చివర సంఘానికి ఒక హాలు, హాలు వెనక కొంచెం పెరడు ఉన్నాయి. ఒంటరిగా మిగిలిపోయిన ముసలివాళ్లకి మధ్యాహ్నం భోజనం ఆ హాల్లో వండి కారియర్లలో పంపుతారు. కూరలన్నీ పెరట్లోవే. ఇక్కడివాళ్లు అమారీ భాజీ అనే గోంగూర, ఎర్ర తోటకూర, కాస్త బీర, కాస్త ఆనప. బావి ఎండిపోయింది. కుళాయి నీళ్లు వంటకే చాలవు. బోరు పడకపోతే ఈ వేసవికి పెరడు మాడిపోతుంది, అభన్‌పూర్ నుంచి బజారుకి వచ్చే కూరలు కొని వండే తాహతు సంఘానికి లేదు. అంటే వంట ఆగిపోతుంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఉమారాణికి, తిండి ఆగిపోతే ముసలి ప్రాణం ఎంత త్వరగా జారిపోతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ కారియర్లలో ఒకటి సూర్యారావుకే వెళ్తుంది. భార్య సుభద్రమ్మ పోయాక ఆయనకి గ్యాసు వెలిగించడం కూడా సరిగ్గా రాదని అందరికీ తెలుసు. ఆయన మాత్రం దాన్ని 'తనిఖీ' అంటాడు. రుచి ఎలా ఉందో సెక్రటరీ చూడాలి కదా అంటాడు. అందరూ సరేనంటారు. అందుకని ఆయన్ని గట్టిగా ఒక మాట అనడానికి కూడా లేదు.

అయినా ఆ రోజు అనేసింది.

"ఏటండి బాబాయిగారూ ఇది? పొరపాటున రాసేనని ఒక్క ముక్క రాసీడానికి ఏటి నొప్పి?"

"పొరపాటు నాది కాదమ్మా, హిందీది. సంస్కృతంలో వ్యవసాయమంటే ప్రయత్నం, పట్టుదల. దాన్ని పట్టుకెళ్లి దుకాణంలో కూర్చోబెట్టింది వీళ్లు!"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఉమారాణికి ఓపిక తెగిపోయింది.

"మీ సంస్కృతం పోస్తే గోంగూర మొలుస్తాదేటండి? బోరు రాకపోతే కారియర్ బంద్. మీదీ బంద్. అప్పుడు దేన్ని తనిఖీ చేస్తారో నేనూ దేఖ్తాను!"

ఆయన ముఖం వాడిపోయింది. మర్నాడు కారియర్ మూత తియ్యకుండా తిరిగొచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఉమారాణి తనని తాను తిట్టుకుంది, ఆయన్ని అంతకు రెట్టింపు తిట్టుకుంది.

శుక్రవారం పొద్దున్నే ఆమె జోన్ ఆఫీసుకి వెళ్లేసరికి సూర్యారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

చంద్రాకర్ ఊరికే వదల్లేదు. "ఒక్క మాట మార్చేస్తే చాలదండీ. కూరలు అమ్ముకోవడం లేదని నేనెలా నమ్మాలి? ఆ భోజనం తింటున్నవాళ్లలో ఎవరో ఒకరు ఇక్కడ, నా ఎదుట రాసివ్వాలి. కాసేపట్లో ఫైలు పైకి వెళ్లిపోతుంది."

ఉమారాణి గాభరాగా ఫోను తీసింది. ఎవరిని రమ్మనాలి? నడవగలిగినవాళ్లెవరు? ఈలోగా సూర్యారావు బల్ల మీది తెల్లకాగితం లాక్కున్నాడు. మెల్లగా, ఏ అలంకారమూ లేని హిందీలో రాశాడు. నేను రోజూ వీళ్ల భోజనమే తింటున్నాను. ఎవరూ ఒక్క పైసా అడగలేదు. వ్యవసాయ్ అని రాసింది నేనే, ఆ మాట నాకు సరిగ్గా తెలియదు. సంతకం చేసి, అలవాటు కొద్దీ కింద 'సెక్రటరీ' అని కూడా రాశాడు.

చంద్రాకర్ చదివి తల గోక్కున్నాడు. "అయ్యో, కార్యవర్గంలో ఉన్నవాళ్లు లబ్ధిదారులు కాకూడదండీ. అదీ నియమమే. మీరు సెక్రటరీ అయినా కావాలి, తినేవారైనా కావాలి."

ఉమారాణికి ఆ బల్ల ఎత్తి కుదెయ్యాలనిపించింది. ఈ పీకులాట వదిలించుకోవడానికి ఈ ముసలాయన్ని పదవి నుంచి ఎప్పుడు దింపుదామా అని ఎన్నిసార్లు అనుకుందో! ఇప్పుడు మాత్రం, వద్దు బాబాయిగారూ, వెళ్లిపోదాం పదండి అనబోయింది.

ఆయన అప్పటికే తన సంతకం కింది మాటని అడ్డంగా కొట్టేశాడు.

"ఈవిడ జాయింట్ సెక్రటరీ. ఇకమీదట సంతకాలు ఈవిడవే" అన్నాడు చంద్రాకర్‌తో.

ఉమారాణి దరఖాస్తులో 'వ్యవసాయ్' కొట్టేసి, 'సాగ్-భాజీ ఉగానా' అని రాసి సంతకం పెట్టింది. చంద్రాకర్ ఫైలు కట్టి పైకి వెళ్లే దొంతరలో పెట్టాడు.

బయట మెట్ల మీద సూర్యారావు ఆగాడు. తనిఖీ మాట ఎత్తలేదు.

"ఉమా, ఇవాళ నాకు అన్నం ఉందా అమ్మా?"

"ఉండకేటండీ? నిన్నా మొన్నా ఎగ్గొట్టిందంతా కలిపి తినాల మీరు. నడవండి!" అని కసురుతూ ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.