మా ఊళ్ళో అందరికీ ఉన్నదే

ముందే ఒప్పేసుకుంటాను: నాకు పక్కింటాయన కిడ్నీల మీద ఏడుపు. చీరల మీద, మార్కుల మీద ఏడ్చేవాళ్ళని మీరు చూసే ఉంటారు. నాది కొంచెం వెరైటీ.

ఆ పక్కింటి జానకిరామ్ మావకీ, మా నాన్న పాపారావుకీ ఒకే జబ్బు. మందస దగ్గర పక్కపక్క కొబ్బరితోటలు, ఒకే బావి నీళ్ళు, మిలిటరీలో ఒకే రెజిమెంటు. సర్వీసులో ఉండగానే ఇద్దరి కిడ్నీలూ పాడయ్యాయి. మెడికల్ బోర్డు ఇద్దర్నీ ఇంటికి పంపేసింది. కాకపోతే మావకి వైకల్య పెన్షన్ ఇచ్చారు. దాంతోపాటే మాజీ సైనికుల వైద్యం కార్డు. ఆ కార్డుతో విశాఖలో ఉచితంగా డయాలసిస్ చేయించుకుని, కూతురు జయశ్రీ భుజం మీద చెయ్యేసి నవ్వుతూ బస్సు దిగుతాడు. నాన్నకి పెన్షనూ లేదు, కార్డూ లేదు. ఈమధ్య డాక్టరు ఇక డయాలసిస్ తప్పదంటున్నాడు.

నాన్న చేసిన తప్పల్లా, ఇంటింటా కిడ్నీ జబ్బుండే ఉద్దానం మనిషినని చెప్పుకోవడమే. బోర్డులో డాక్టరు "మీ వైపు ఎవరికైనా ఈ జబ్బుందా?" అని అడిగితే, జలుబు గురించి అడిగినట్టు "మా ఊళ్ళో అందరికీ ఉన్నదే సార్" అన్నాడట. జబ్బు ఊరిది, సర్వీసుకి సంబంధం లేదని రాసేశారు. ఢిల్లీకి అప్పీలు పెట్టుకుంటే కాదన్నారు. దానిమీద ఇంకో అప్పీలు పెడితే ఇంకొకరు కాదన్నారు. ఆపైన హైదరాబాద్ వెళ్ళి హైకోర్టులో వేసుకోమంటే నాన్న కదల్లేదు.

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. సైనికుల గొడవలు వినడానికి విడిగా ట్రిబ్యునల్ పెట్టారు. మనకి చెన్నైలో. జడ్జి పక్కన రిటైరైన మిలిటరీ ఆఫీసరు కూడా కూచుని వింటాడు. పలాస నెట్ సెంటర్లో ఆ చట్టం మొత్తం చదివాను. బీటెక్‌లో ఏ పుస్తకమూ అంత శ్రద్ధగా చదవలేదు.

టెక్కలి లాయరు ఉషారాణి గారు కాగితాలు చూసి, "బాగా ఆలస్యం అయిపోనాదమ్మా. కేసు నిలబడాలంటే పోలిక సూపించాల. అదే ఊరు, అదే జబ్బు, ఒకలకిచ్చి ఒకలకి ఇవ్వనేదని" అన్నారు.

పోలికా? పదేళ్ళుగా నేను చేస్తున్న పనే అది.

ఆ సాయంత్రమే పిటిషన్ టైపు చేసి తెచ్చి, అరుగు మీద నాన్నకి చదివి వినిపించాను. జానకిరామ్ తన వైపు ఈ జబ్బు ఎవరికీ లేదని బోర్డుకి చెప్పి పెన్షన్ పొందాడన్న చోట నాన్న చెయ్యెత్తాడు.

"ఆ ముక్క తీసీ."

"ఎందుకు తియ్యాల? అబద్ధమా?"

"నిజమే. బయటికొత్తే ఆడి పెన్షన్ తీసెత్తారు."

"తియ్యనీ! మనకి నేని పెన్షన్ ఆలకెందుకు?"

"అడుగే, బాగా అడుగు," వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "ఆ పక్కింటి రత్నాలమ్మ మొగుడి కార్డుని దేవుడి పటం పక్కనెట్టుకున్నాది. పసుపు కోసం ఎల్తే ముందు అదే సూపిత్తాది."

"ఆడికలా సెప్పమన్నాది ఎవులే?" అన్నాడు నాన్న. "నానే."

అమ్మ గరిట చప్పుడు ఆగిపోయింది.

"నన్ను పంపేసినాక ఆడికి బోర్డు పడ్డాది. జమ్మూ ఆసుపత్రి దాకా ఎల్లి సెప్పొచ్చినాను. నానన్న మాట నువ్వనకురా, ఊరి సంగతి ఎత్తకురా అని."

"నాకు సుట్టాల పెళ్ళని సెప్పి ఎల్లినావు కదూ!" అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నిజం సెప్తే ఎల్లనిత్తువా?"

నాన్న మీద గౌరవం పెరగాలి కదా. పెరగలేదు, ఏడుపు పెరిగింది. మా కోసం హైదరాబాద్ వెళ్ళని మనిషి, మావ కోసం జమ్మూ వెళ్ళాడు.

రెండిళ్ళ మధ్య ఉన్నది తాటాకు తడక. అవతల దగ్గినా వినిపిస్తుంది. మావ కూతుర్ని పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు.

"బావా, ఆ ముక్క ఉంచీ. పోతే పోనీ కార్డు."

"నోర్ముయ్. డాక్టరు నీళ్ళు కొలిసి తాగమన్నాడు కదా, మాటలు కూడా కొలిసి ఆడు. ఎల్లి తొంగో."

"నీకేటైనా అయితే నాను తొంగుంతానా బావా?"

నాన్న కాస్త జరిగి, అరుగు మీద చోటిచ్చాడు. జయశ్రీ నా చేతిలో కాగితం వైపే చూస్తోంది. చించేస్తే బాగుండునని ఆమె మొహంలో కనిపించింది. ఆమె స్థానంలో నేనుంటే ఈపాటికి చించేసేదాన్ని. నాన్న దగ్గర పెన్ను తీసుకుని ఆ ముక్క కొట్టేశాను.

"ఇచ్చినోల పేరొద్దంటే, ఇవ్వనోలని పట్రా," అన్నారు మర్నాడు ఉషారాణి గారు. "బాగున్నాడని మిలిటరీలోకి తీసుకుని, పాడయ్యాక ఊరి జబ్బని పంపేసింది మీ నాన్న ఒక్కడినేనా?"

అందుకే ఇది రాస్తున్నాను. జయశ్రీ, నేనూ కంచిలి దాకా ఊరూరూ తిరుగుతున్నాం, స్కూటీ మీద. స్కూటీ కూడా వాళ్ళదే, చూశారా. మీ నాన్నో, మావో మిలిటరీ నుంచి ఇలాగే ఇంటికొచ్చారా? బోర్డు ఏమడిగింది, ఆయన ఏమన్నాడు? నాకు రాయండి, నాన్న కేసులో మీ మాట కలుపుతాం. పెన్షన్ వచ్చినవాళ్ళయితే మాత్రం చెప్పకండి. ఏడుస్తాను.